ఎత్తి పట్టిన రేకు తలుపు

మేస్త్రి పోయారని వన్‌టౌన్ నుంచి కబురొచ్చేసరికి సాయంత్రమైంది. జుమ్మా నమాజు కాగానే మట్టి చేసేశారట. ఆఖరి చూపు కూడా దక్కలేదు నాకు.

ఎనభైల్లో నేను సీతమ్మధారలో ఒక నర్సింగ్‌హోమ్‌లో జనరేటర్ ఆపరేటర్ని. ఆయన డీజిల్ ఇంజన్ల మేస్త్రి. “ముందు సెయ్యి, తరవాత మీటరు” అనేవారు. నాడి చూసినట్టు ఇంజను గొట్టాలు పట్టుకుని, కళ్లు మూసుకునేవారు. నాకు నవ్వొచ్చేది.

ఒక తుఫాను రోజున సర్వీసుకొచ్చి మాతోబాటే చిక్కుబడిపోయారు. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. కరెంటు లేదు. పైన ఆపరేషన్ బల్ల మీద మా అక్క. కింద ఇరుకు గదిలో జనరేటర్ వేడెక్కిపోయి మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చేసింది. ఆపితే పైన లైటు ఆరిపోతుంది, నడిపితే ఇంజను బిగుసుకుపోయి అదే ఆగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కంగారులో రేడియేటర్ మూత తిప్పబోయాను. ఆయన నా మణికట్టు పట్టేసుకున్నారు.

“ఏటి సేత్తన్నావ్ తమ్ముడూ? మొకం కాల్సుకుంటావేటి?”

ఫ్యాను బెల్టు చూశారు, జారడం లేదు. పై గొట్టం, కింది గొట్టం తడిమారు. రెండూ ఒకేలా కాలుతున్నాయి. నీళ్లు తిరుగుతున్నాయి గానీ చల్లబడటం లేదన్నమాట. రేడియేటర్ ముందు రుమాలు పట్టుకుంటే అది మా వైపే ఎగిరింది; బయటికి పోవాల్సిన వేడిగాలి తిరిగి మా మొహాన కొట్టింది. ఎదురుగా పైకెత్తే రేకు తలుపు మూసి ఉంది, సందుల్లో గోనెసంచులు కుక్కి ఉన్నాయి.

జల్లు కొడుతోందని పొద్దున్నే అదంతా చేసిన తెలివైనవాణ్ణి నేనే! అక్క ప్రాణం నా చేతులతోనే తీస్తున్నానా అనిపించింది. చెబితే ఉద్యోగం పోతుంది.

ఆయన సంచుల వైపు చూశారు, నా వైపు చూశారు.

“దానికీ ఊపిరాడాల కదా. నాను పట్టుకుంటాను, నువ్వు ముల్లు సూడు.”

సంచులు లాగేసి బయటికెళ్లారు. తలుపు కింద ఏ కర్ర పోటు పెట్టినా ఆ గాలికి నిలవదు. రేకు తలుపును రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. ముల్లు కొంచెం కొంచెంగా దిగింది. పైన కుట్లు వేయడం పూర్తయిందని నర్సు వచ్చి చెప్పేదాకా ఆయన చేతులు దించలేదు.

డాక్టరుగారు దిగొచ్చి ఎందుకు వేడెక్కిందని అడిగారు. “గాలికి తలుపు మూసుకుపోనాదండి” అన్నారు మేస్త్రి. ఆ తర్వాత ఎన్నేళ్లు కలిసి టీ తాగాం! ఎగతాళికైనా ఆ మాట ఎత్తలేదు. అక్క ఇవాళ్టికీ బతికే ఉంది. మూసింది నేనేనని ఆమెకు కూడా ఇది చదివాకే తెలుస్తుంది.

కళ్లు మూస్తే ఆయనే. వీపు మీద వాన, ఎదురుగా ఇంజను వేడి. చేతులు పైకెత్తి నిలబడి ఉన్నారు. ఛాతీ మీద తడి చొక్కా పొగలు కక్కుతోంది.