సీమపనస పిలక

నాకు తొందరెక్కువ. ముప్పై ఏళ్లు బళ్లో సోషల్ చెప్పి రిటైరైనా ఆ గుణం పోలేదు. దాని ఫలితం మా అక్క అనుభవించింది.

అక్కని ధవళేశ్వరం దిగువన, గోదావరి మధ్య ఉన్న ఒక లంకలో ఇచ్చారు. ఏటా వరదకి ఒడ్డు కోసుకుపోయి, మూడేళ్ల కిందట ఏరు ఆమె పెరట్లోకే వచ్చేసింది. బావ పోయాక ఒక్కతే ఉంటోంది. ఇంక లాభం లేదని పడవ మాట్లాడుకుని నేనే తీసుకురావడానికి వెళ్లాను.

అక్క మంచం, బిందెల సంగతి పట్టించుకోలేదు. పెరట్లో కూర వండుకునే సీమపనస వేరు నుంచి లేచిన పిలకని మట్టిగడ్డతో సహా తవ్వి, తడి గోనెలో చుట్టి, అన్నిటికంటే ముందు పడవలో పెట్టింది. కాపురానికి వచ్చేటప్పుడు మా అమ్మ ఇచ్చి పంపిన పిలకే ఆ చెట్టయింది. దాన్ని అమ్మ చెట్టనే పిలిచేది.

బీరువా ఎక్కించేసరికి పడవ ఒరిగింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ గోనెమూట తీసి ఒడ్డున పడేశాను. కడియం నర్సరీల్లో ఎన్ని మొక్కలు కావాలంటే అన్ని కొనిపెడతానన్నాను.

"దానికి విత్తనం ఉండదురా," అంది అక్క. వెళ్లి పడవలో కూర్చుంది.

తరవాతి వారమే ఆ ఒడ్డూ చెట్టూ ఏట్లో కలిసిపోయాయి. కడియం నుంచి సీమపనస మొక్కే తెచ్చి ఇచ్చాను. కొవ్వూరులో మా ఇంటి వెనక నాటుకుంది, రోజూ నీళ్లు పోస్తోంది. అమ్మ చెట్టు అని మాత్రం ఒక్కసారీ అనలేదు.

ఈమధ్య లైబ్రరీ నుంచి పసిఫిక్ దీవుల వలసల పుస్తకం తెచ్చాను. అక్కకి చూపు ఆనడం లేదు, సాయంత్రాలు నేనే చదివి వినిపిస్తున్నాను. ఆ పాలినేషియా జనం పడమటి దీవుల్లో వందల ఏళ్లు ఆగిపోయి, మళ్లీ తూర్పుకి ఎందుకు బయల్దేరారో పండితులకింకా తేలలేదట. గాలి మళ్లిందని కొందరు, భూమి చాల్లేదని కొందరు, తమ్ముళ్లకి వాటా దక్కలేదని కొందరు. నీళ్లు ఇంటి మీదికి వచ్చుంటాయని అక్క తేల్చేసింది.

నిన్నటి పేజీలో సీమపనస వచ్చింది. వాళ్లు పెంచుకున్న రకాల్లో చాలావాటికి విత్తనం ఉండదు కాబట్టి, దూరపు దీవుల్లో ఆ చెట్టు ఉందంటే ఎవరో పిలకని ఉప్పునీళ్లు తగలకుండా కాపాడుకుంటూ పడవలో తెచ్చినట్టేనట. నేను అక్కడితో ఆపబోతే, చదవరా అంది.

అంతా విని అడిగింది.

"ఆళ్ల పడవలో నీలాంటి తమ్ముడెవడూ లేడేంట్రా?"

నవ్వుతూనే అడిగింది. నేను మాత్రం ఏడ్చేశాను.