నిన్న సాయంత్రపు సంతోషం

ఆ వీధిలో జుట్టు పెరిగిన ప్రతివాడూ బాబాయి షాపుకే వస్తాడు. అక్కడ కత్తెర కన్నా బాబాయి నోరు ఎక్కువ ఆడుతుంది. కుర్చీ ఎక్కిన మనిషి దిగేలోపు వాళ్లింటి గుట్టంతా లాగేస్తాడు. అలాగని ఒకరి గుట్టు ఇంకొకరి చెవిన వెయ్యడు, ఆ ఒక్క మంచి గుణం ఉంది మహానుభావుడికి.

షాపు మూయగానే రెండు పెగ్గులు. రెండని ఆయన లెక్క, నాలుగని ఆయన భార్య లెక్క. "పొద్దున్నుంచీ ఊళ్లోవాళ్ల ఏడుపులే వింటాను, సాయంత్రమైనా నన్ను నవ్వనివ్వరా?" అంటాడు. నిజమే, తాగితే ఆయనంత సరదా మనిషి ఉండడు. గొడవ పెట్టుకోడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. అలాంటివాణ్ణి ఏమని తిట్టాలో తోచక ఆవిడ తిట్టడమే మానేసింది.

మొన్న ఆవిడ చెల్లెలింటికి వెళ్లింది. ఇంట్లో తండ్రీ కూతుళ్లే మిగిలారు. ఈ రోజు పొద్దున బాబాయి తలనొప్పితో షాపు తెరిచాడో లేదో, మందుల షాపాయన గడ్డం గీయించుకోవడానికి వచ్చి కావలించుకున్నంత పని చేశాడు.

"కంగ్రాట్స్ బాబాయ్! నిన్న సాయంత్రం వీధి మధ్యలో ఏం డాన్సు చేశావు! మా ఇంటిల్లిపాదీ బాల్కనీలోకి వచ్చి చూశాం."

బాబాయికి డాన్సు చేసినట్టే గుర్తు లేదు. ఎందుకు చేశానని అడిగితే పరువు పోతుంది. ఊరందరి గుట్టూ లాగినవాణ్ణి, నా గుట్టు నేను లాక్కోలేనా అనుకుని సబ్బు నురగ కలిపాడు.

"ఇంతకీ విషయం వినగానే నీకేమనిపించింది?"

"అదృష్టవంతుడివనిపించింది. ఇక మీ అమ్మాయికి రైల్వేవాళ్ల ఇల్లు, నీకు రైలు పాసులు!"

తరవాత వచ్చిన టైలరు, "పిల్ల వెళ్లిపోతే ఇల్లు బోసిపోతుంది బాబాయ్" అని నిట్టూర్చాడు.

బాబాయికి అంతా అర్థమైపోయింది. కూతురు ఎవడో రైల్వే కుర్రాణ్ణి ప్రేమించింది. తను తాగిన మైకంలో సరేననడమే కాదు, డాన్సు కూడా చేశాడు! ఆ కంగారులో టైలరు చెంప జుట్టు ఒకవైపు పొట్టిగా, ఒకవైపు పొడుగ్గా మిగిలింది.

మధ్యాహ్నం కూతురు క్యారియర్ తెచ్చింది.

"ఎవరమ్మా ఆ అబ్బాయి?" అన్నాడు గంభీరంగా.

"ఏ అబ్బాయి?"

"అదే, రైల్వే అబ్బాయి. నిన్న నేను ఒప్పేసుకున్నాను కదా."

ఆ పిల్ల కుర్చీలో కూలబడి కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"గుర్తు లేదా నాన్నా?"

బాబాయి శుభ్రంగా ఉన్న దువ్వెనే తుడవసాగాడు.

"నాకే ఉద్యోగం వచ్చింది. రైలు నడిపే ఉద్యోగం. నిన్న మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ అప్పుడే విన్నట్టు ఎగిరి గంతేశావు. మొదటిసారి నేనూ గంతేశాను."

రెండుసార్లు రైల్వే పరీక్ష తప్పాక ఆ పిల్ల ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు. మళ్లీ రాసిందని కూడా ఆయనకు తెలియదు. బాబాయికి సంతోషం పొంగుకొచ్చింది, దాని వెనకే సిగ్గూ వచ్చింది. ఇన్నేళ్లకు ఇంత పెద్ద సంతోషం ఇంటికొస్తే, ఆ సమయానికి తనే ఇంట్లో లేనట్టయింది.

"ఇంకొక్కసారి చెప్పమ్మా. నిన్న మొదట ఎలా చెప్పావో అలాగే."

ఆమె నోరు తెరిచింది, తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు అలా రాదు నాన్నా."

"పోనీ, అప్పుడు నీ మొహం ఎలా ఉందో అదైనా చెప్పు."

"నాకేం తెలుస్తుంది నాన్నా? చూసింది నువ్వొక్కడివే."