చెవి మేస్త్రి బిగించిన బోల్టు

మా ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే తిరిగి చూడడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడతాడు. కాసేపటికి కళ్లు తెరిచి, "పంపు బేరింగు పోయింది," అంటాడు. విప్పి చూస్తే అదే. మా ఇల్లు, షెడ్డు, మా అమ్మాయి చదువు, అన్నీ ఆ చెవి మీదే నిలబడ్డాయి. ఊరందరికీ అంత గొప్ప చెవి. ఇంట్లో మాత్రం నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా పలకడు. కుళాయి కట్టమంటే ఊ లేదు, ఆ లేదు. గోడకి చెప్పుకున్నా కాస్త నయం, ఎదురుగా నిలబడి వింటుంది.

నాది మొక్కల పని. షెడ్డు పక్క ఖాళీ స్థలంలో ఆకుపచ్చ వల కట్టుకుని నారు పెంచుతాను. కుండీలు, ఎరువు బస్తాలు ఇళ్లకీ ఆఫీసులకీ చేరవెయ్యడానికి నేనే పట్టుబట్టి కరెంటు పికప్ కొనిపించాను. ఆయన మొహం మాడ్చుకున్నాడు.

"శబ్దం లేని బండికి రోగమొస్తే ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

"రోగమే రాదండీ, కొత్తరకం," అన్నాను. ఏ నోటితో అన్నానో గానీ, ఏడాది తిరక్కుండానే ఎడమ పక్క ముందు చక్రం దగ్గర దబదబ మొదలైంది.

స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడల్లా ఎవరో కింద నుంచి పిడికిలితో గుద్దినట్టు ఉండేది. ఆయన బండి పక్కనే నడుస్తూ విన్నాడు. "లోయర్ ఆర్మ్," అన్నాడు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చెయ్యి అది. ఆ చేతికి చక్రం వైపు గుండ్రటి కీలు ఉంటుంది, అది అరిగిపోయింది. బండి వైపు రబ్బరు బుష్షులు ఉంటాయి, అవీ పగిలాయి. మొత్తం చెయ్యే మార్చాలి. "అది ఊడితే చక్రం పక్కకి పడుకుంటుంది. అప్పటిదాకా లోడు వెయ్యకు," అన్నాడు. కొండ మీది హోటలు వాళ్లు కుండీల కోసం రోజూ ఫోను. నేను రోజూ రేపు అనడం.

కొత్త చెయ్యి వచ్చింది గానీ పాత బోల్టు రాదే! నూనె పోశాడు, వేడి చేశాడు, రెంచికి పైపు తొడిగి వేలాడాడు. మామూలు పికప్‌కి అయితే ఎక్కడ పడితే అక్కడ జాకీ పెట్టేవాడు. దీనికి పొట్టంతా బ్యాటరీయే. వాళ్లు గుర్తు పెట్టిన చోటే పెట్టాలి, చెక్కలు సర్దాలి, బరువు చూస్తే ఏనుగంత. బోల్టు ఊడేసరికి ఆయన తలప్రాణం తోకకొచ్చింది. నా నారు ఎండకి వాలిపోయింది, ఎందుకంటే పొద్దస్తమానం టార్చి పట్టుకుని నిలబడ్డది నేనే కదా.

బిగించడంలో ఆయనకో పట్టుదల ఉంది. రబ్బరు బుష్షు ఉన్న బోల్టుని బండి గాల్లో ఉండగా బిగించడు. జాకీ దించి, చక్రాలు నేల మీద ఆనాక, షెడ్డు నేలలో తవ్వించుకున్న గుంతలోకి దిగి కింద నుంచి బిగిస్తాడు. "బండి నిలబడే తీరులోనే రబ్బరుని కట్టెయ్యాలి. లేకపోతే జన్మంతా మెలి తిరిగే ఉంటుంది," అంటాడు. నిజమే. ఆ మాట పట్టించుకోని వాళ్లు చేసిన బళ్లు మళ్లీ మా షెడ్డుకే వస్తాయి.

జాకీ దించాడు. స్టీరింగు పక్కన వేలితో నొక్కే తెర ఉంటుంది, దాన్ని ఆయన ముట్టుకోడు. అదంటే ఆయనకి చీదర. తెర పని నాది, బోల్టు పని ఆయనది. "బండి ఆపేశావా?" అని గుంతలోంచి కేకేశాడు. ఆపేశానన్నాను. బిగించాడు.

రోడ్డెక్కాం. దబదబ లేదు. ఆయన సీట్లో వెనక్కి వాలి, "చూశావా!" అన్నాడు. సరిగ్గా అప్పుడే, గతుకులో చక్రం పడగానే, కీచుమంది.

"అదేంటండీ?"

"ఏది?"

"ఆ కీచు."

"ఏ కీచూ లేదు."

మళ్లీ గతుకు, మళ్లీ కీచు. తలుపు కీలు ఏడ్చినట్టు. ఆయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చాక పోరుపెట్టి మళ్లీ గుంతలోకి దింపాను. సణుగుతూ అన్నీ వదులు చేసి మళ్లీ బిగించాడు. మళ్లీ కీచే. మూడోసారి అడిగితే రెంచి కింద పడేసి, "చప్పుడు బండిలో లేదు, నీ చెవిలో ఉంది," అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అంతలో ఎదురింటి దర్జీ ఆవిడ గేటు దగ్గరికొచ్చి, "మేస్త్రిగారూ, ఆ కీచుడు ఏదో కాస్త చూద్దురూ. సందు మొదట్లో ఉండగానే అక్క వస్తోందని తెలిసిపోతోంది. మా పాప నిద్ర లేచిపోతోంది," అంది.

ఆయన ఆవిడ మొహంలోకే చూస్తూ విన్నాడు. చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

"పొయ్యి మీద కుక్కరుంది, కూతలొచ్చాక ఆపండి!" అని వెనక నుంచి అరిచి, వాలిపోయిన నారుకి నీళ్లు పెట్టుకుంటూ ఉండిపోయాను. వీధిలోకి వినపడేలా కుక్కరు కూసింది. మళ్లీ కూసింది. మళ్లీ. మాడు కంపు కూడా వచ్చింది. తిట్టుకుంటూ పరిగెత్తాను. ఆయన పొయ్యికి బారెడు దూరంలో, వీపు ఇటు పెట్టి, పాత బోల్టుని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. కుక్కరు ఆయన నెత్తి మీదే కూస్తోంది. భుజం కూడా కదల్లేదు.

పొయ్యి ఆపాను. నేనొచ్చిన సంగతి కూడా ఆయనకి తెలీదు. గరిటె తీసి నేలకేసి కొట్టాను. దానికి మాత్రం ఉలిక్కిపడి తిరిగాడు. నా మొహం చూశాడు, కుక్కరు చూశాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"సన్న చప్పుళ్లే వినపడవు. లావువి వినపడతాయి," అన్నాడు. బోల్టు అటూ ఇటూ తిప్పి, "మొదట నీ మొక్కల్లోకి పిట్టలు రావడం మానేశాయనుకున్నా," అన్నాడు.

"చెప్పచ్చుగా! నేను పరాయిదాన్నా? పలకడం లేదని రోజూ మిమ్మల్ని తిట్టిపోస్తున్నానే!"

"తిట్టేటప్పుడు లావుగానే అరుస్తావు. అది వినపడేది," అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆయన బోల్టు పక్కన పెట్టి తలదించుకున్నాడు. "పేరే చెవి మేస్త్రి. చెవి పోయిందంటే ఎవడొస్తాడే మన షెడ్డుకి? ఎవరికీ చెప్పకు."

నిజమే, ఆ చెవి పోతే మేస్త్రి పోయినట్టే. గుంత, రెంచీలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. ఆయన దగ్గరికి వచ్చేది చెవి కోసమే. అయినా కోపం మాత్రం తగ్గలేదు. మాడిన కుక్కరు ఆయన చేతే తోమించాను.

మర్నాడు పొద్దున్న పిలవకుండానే గుంతలోకి దిగాడు. "నాకు వినపడకపోతే ఏం, చేతికి తెలుస్తుందిగా. బండి కాస్త ముందుకీ వెనక్కీ ఊపు," అన్నాడు. చేతి తొడుగు తీసేసి ఆ ఇనప చేతి మొదట్లో, బుష్షు మీద, అరచెయ్యి ఆనించాడు. నేను లోపల కూర్చుని బండి స్టార్ట్ చేశాను. బండి మెల్లగా పైకి లేచింది.

"ఆగు! ఏం చేశావ్? రబ్బరు మెలి తిరుగుతోంది!"

"ఏం చెయ్యలేదండీ. స్టార్ట్ చేస్తే లేస్తుందిగా."

"లేవడమేంటి?"

దీనికి స్ప్రింగుల బదులు గాలి తిత్తులు. తెర మీద బొమ్మ నొక్కితే బండి మోకాళ్ల మీద కూర్చున్నట్టు కిందికి దిగుతుంది, కుండీలు ఎక్కించుకోవడం సుఖం. స్టార్ట్ చేస్తే లేస్తుంది. ఆపే ముందు ఆ బొమ్మ నొక్కడం నాకెంత అలవాటంటే, నొక్కుతున్నట్టు కూడా తెలీదు. అదే చెప్పాను.

"మరి నేను బిగించిన ప్రతిసారీ?"

"కూర్చునే ఉంది."

గుంతలోంచి చెంపలు వాయించుకున్న చప్పుడు వినిపించింది. నిలబడే తీరులో కట్టెయ్యాలని జపం చేసే మనిషి, కూర్చున్న బండికి కట్టేశాడు. కూర్చోబెట్టింది నేను. ఆయన తెర ముట్టడు, నేను బోల్టు ముట్టను. మా ఇద్దరి మధ్యా ఆ రబ్బరు నలిగిపోయింది.

"లేపి ఉంచు. నేను చెప్పేదాకా ఆ దిక్కుమాలిన తెర ముట్టుకోకు," అన్నాడు. వదులు చేసి, లేచి నిలబడ్డ బండికి మళ్లీ బిగించాడు. సందు చివరిదాకా వెళ్లి గతుకులన్నీ ఎక్కించుకుని తిరిగొచ్చాను. ఆయన గేటు దగ్గర గ్రీజు చేతులతో నిలబడి ఉన్నాడు. నేను అద్దం దించేదాకా ఆగలేదు.

"ఆగిందా?" అని అడిగాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో బండి చప్పుడు గురించి ఆయన ఇంకో మనిషిని అడగడం నేను చూడలేదు. నా పెదాల మీదే చూపు పెట్టి నిలబడ్డాడు.

"ఆగింది," అన్నాను, నెమ్మదిగా, తెలిసేలా. నిజంగానే ఆగింది.

ఆ సాయంత్రమే బ్రెడ్డు వ్యాను అతను వచ్చాడు. "మేస్త్రీ, ఇంజను దగ్గర ఏదో సన్నగా కూస్తోంది. ఒకసారి చెవి పెట్టండి," అన్నాడు. నేను వల కింద కుండీల్లో మట్టి నింపుతున్నాను. చెయ్యి ఆగిపోయింది.

మా ఆయన స్క్రూడ్రైవరు తీశాడు. మొన ఆనించాడు. పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎప్పటిలాగే నిలబడ్డాడు గానీ, ఎప్పటికంటే చాలాసేపు నిలబడ్డాడు. ఏదో ఒక పేరు చెప్పేస్తాడని నా భయం. చెప్తే విప్పాలి, విప్పితే తేలిపోతుంది. కళ్లు తెరిచాడు. స్క్రూడ్రైవరు దించాడు.

"నాకు సన్నవి వినపడటం లేదయ్యా," అన్నాడు. "ఉండు, మా ఆవిణ్ణి పిలుస్తా. ఆవిడ విని ఎలా ఉందో చెప్తే, ఏంటో నేను చెప్తా."

వ్యాను అతను నోరు తెరిచాడు. మా ఆయన ఇటు తిరిగి, "ఇదిగో, ఒకసారి ఇలా రా!" అని కేకేశాడు.

నాకు బాగానే వినపడింది. తల ఎత్తలేదు. కుండీలో ఇంకో దోసెడు మట్టి పోశాను.

"ఇదిగో, నిన్నే!" అని మళ్లీ పిలిచాడు.

అప్పుడు చేతులు కడుక్కుని వెళ్లాను.