ఏడో నంబరు మీద పగ

నా చిన్నప్పుడు, అంటే తొమ్మిదో తరగతిలో ఉన్న చలికాలంలో, నాకు ఒక కుర్రాడి కాలు విరగ్గొట్టాలని ఉండేది. మాటవరసకు అంటున్నది కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది నోటుపుస్తకం చివరి పేజీలో నంబరు వేసి రాసిపెట్టుకున్నాను. ఏ సంగతైనా వరుస నంబర్లతో రాసుకుంటే తప్ప నాకు అప్పటికే నిద్ర పట్టేది కాదు.

మేము నస్పూర్‌లో బొగ్గు గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. కాలనీ చివర సిమెంటుతో కట్టిన బాస్కెట్‌బాల్ కోర్టు ఒకటి ఉండేది. బొగ్గు లారీల రోడ్డు దాని పక్కనే. ఆట మొదలుపెట్టే ముందు ఇద్దరు చీపుర్లు పట్టి ఊడవాలి, లేకపోతే నల్ల దుమ్ము మీద బూట్లు జారేవి. చలి మొదలవగానే చుట్టుపక్కల కాలనీల పిల్లల జట్లకు పోటీలు జరిగేవి. ప్రతి జట్టుతోనూ రెండుసార్లు ఆడాలి, ఒకసారి మన కోర్టులో, ఒకసారి వాళ్ల కోర్టులో.

ఆ ఏడు మొదటి మ్యాచే ఓడిపోయాం, అదీ మా కోర్టులో. ముప్పై ఎనిమిది, ముప్పై ఏడు. అవతలి జట్టులో ఏడో నంబరు బనీను వేసుకున్నవాడు నాకంటే ఒక ఏడాది పెద్ద, జానెడు పొడుగు. వాడొక్కడే పందొమ్మిది పాయింట్లు వేశాడు. వాడిని కాయాల్సింది నేనే. ఆట అయిపోయాక అందరం చేతులు కలుపుతుంటే వాడు నా చేయి పట్టుకోలేదు. చిన్న పిల్లవాడిని తట్టినట్టు నా తల మీద రెండుసార్లు తట్టి, "థాంక్స్ తమ్మీ" అని పోయాడు. కోర్టు చుట్టూ సగం కాలనీ నిలబడి ఉంది. వాళ్ల జట్టు నవ్వింది. మా వాళ్లలో కూడా ఒకడు నవ్వాడు. ఎవడో నాకు తెలుసు, ఇప్పుడు చెప్పను.

ఆ సాయంత్రమే నోటుపుస్తకం తీశాను. ఏడో నంబరు మీద, వాళ్ల జట్టు మీద, రెఫరీ మీద మొత్తం పద్నాలుగు ఫిర్యాదులు తేలాయి. పదిహేనో లైను ఫిర్యాదు కాదు, పథకం. షాటు కోసం గాల్లోకి ఎగిరినవాడు కిందికి దిగేటప్పుడు, వాడి పాదం ఆనే చోట మన పాదం పెడితే వాడి చీలమండ మెలిపడుతుంది. ఒక సీనియరు ఆటగాడికి అలా కావడం నేను కళ్లారా చూశాను. రిటర్న్ మ్యాచ్‌లో ఏడో నంబరుకు అలాగే పెట్టాలి. పక్కన పాదాల బొమ్మ కూడా గీశాను, కొలతలతో సహా.

మర్నాడు నేను ప్రాక్టీసుకు పోలేదు. మధ్యాహ్నం దాటాక మా చిన్నాయన వచ్చాడు. బాపుకు తమ్ముడు, రెండు క్వార్టర్ల అవతల ఉండేవాడు. గనిలో సర్దారు. షిఫ్టు మొదలవగానే మిగతావాళ్లు లోపలికి అడుగు పెట్టకముందే ఈయన పోయి, చేతికర్రతో పైకప్పును అడుగడుగునా తట్టి వినాలి. రాయి గట్టిగా ఉంటే ఖంగుమని మోగుతుందట. లోపల విడిపోయి ఉంటే డొల్లగా, కుండను తట్టినట్టు వినిపిస్తుందట. డొల్లగా ఉన్నచోట ఎవరినీ నిలబడనివ్వడు. దానికి స్తంభాలైనా పెట్టిస్తాడు, కిందికైనా రాల్పిస్తాడు. పైకి వచ్చాక అదంతా రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. స్నానం చేసి వచ్చినా ఆయన కనురెప్పల అంచుల్లో బొగ్గు కాటుకలా నిలిచి ఉండేది.

"ఏం సారూ, ఇయ్యాల గ్రౌండుకు పోలే?" అన్నాడు. నా నోటుపుస్తకాల మూలంగా నన్ను సారు అనేవాడు.

"పోను."

"నువ్వు ఓడిపోతె గ్రౌండు ఏం చేసింది పాపం."

ఆయన మంచం మీదున్న నోటుపుస్తకం తీసి మొదటి లైను నుంచి నిదానంగా చదవడం మొదలుపెట్టాడు. లాక్కోవాలనిపించింది, కానీ చేయి రాలేదు. ఆఖరి లైను దగ్గర ఆగాడు. బొమ్మను పక్కకు తిప్పి చూశాడు. చెంప మీద ఒకటి పడుతుందని ఒళ్లు బిగబట్టుకున్నాను. ఆయన మాత్రం చేతిలో ఉన్న చాయ్ గ్లాసు పక్కన పెట్టి, పెన్సిల్ ఇమ్మన్నాడు.

"పా, రూఫు తట్టుదాం. నేను సదువుత. గట్టిగుందా, డొల్లనా, నువ్వే చెప్పాలె."

ఒక్కో లైను చదివి, మంచం పట్టె మీద రెండు వేళ్లతో రెండుసార్లు తట్టి, నా ముఖం చూసేవాడు. ఏడో నంబరు మోచేత్తో పొడిచాడన్నది మొదటిది. చొక్కా ఎత్తి పక్కటెముకల మీద కమిలిన మచ్చ చూపించాను. "గట్టిది, ఉండనీ" అన్నాడు. రెఫరీ వాళ్లవాడన్నది రెండోది. మనకెన్ని ఫౌల్లు ఇచ్చిండు, వాళ్లకెన్ని ఇచ్చిండు అని అడిగాడు. లెక్క నా దగ్గరే ఉంది. మాకు పదకొండు, వాళ్లకు పన్నెండు. పైకి చదివాక నేనే పెన్సిల్ తీసుకుని కొట్టేశాను. తూర్పు వైపు రింగు వంకరగా ఉందన్నది మూడోది. రెండో సగంలో జట్లు వైపులు మారతాయి కదా, అదే రింగులో వాళ్లూ వేశారు. అదీ పోయింది. అలా పన్నెండింటిలో మూడే మిగిలాయి.

పదమూడోది చదివి ఆయన తట్టలేదు.

"థాంక్స్ తమ్మీ. గిది ఎందుకన్నడు?"

"ఎక్కిరిచ్చిండు."

"ఎక్కిరిచ్చెటానికి మస్తు మాటలున్నయి. థాంక్స్ అని ఎందుకనాలె?"

నేను గోడకేసి చూశాను. ఆ సంగతి మ్యాచ్ చూడని ఎవరికీ నేను చెప్పలేదు, పైన మీకూ చెప్పలేదు. ఆట ఇంకా తొమ్మిది సెకన్లు ఉంది. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. నన్ను తోసినందుకు రెఫరీ నాకు రెండు ఫ్రీ త్రోలు ఇచ్చాడు. ఎవరూ అడ్డురారు, గీత దగ్గర నిలబడి తాపీగా వేయడమే. ఒకటి పడితే సమానం, రెండూ పడితే గెలుపు. మొదటిది రింగు వెనక అంచుకు తగిలి బయటికి వచ్చింది. రెండోది రింగును కూడా తాకలేదు.

అదంతా చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. చిన్నాయన తొందరపెట్టలేదు. చివరికి పదమూడో లైను మీద తట్టి, "గిది గట్టిదే. పాపం వాడు నిజమే చెప్పిండు" అన్నాడు. తర్వాత పద్నాలుగోది చదవకుండానే పుస్తకం మూసి అట్ట మీద తట్టాడు. "పద్నాలుగు లైన్లు రాసి, అసలుది రాయకపోతివి. మా దగ్గర దీన్ని తప్పుడు రిపోర్టు అంటరు. నౌకరి పోతది."

నాకు ఏడుపు వచ్చింది. ఆయన అది చూడనట్టు మళ్లీ చివరి పేజీ తెరిచి, పథకం దగ్గర వేలు పెట్టాడు.

"గిట్ల చేస్తె వాని కాలు పక్కా పోతదా?"

"నెల రోజులు ఆడలేడు."

"అయితె వాడు కుర్చీల కూసుంటడు. మరి నువ్వు ఎవల్ని ఓడగొడ్తవు?"

నంబర్లు వేసి రాసిన పథకంలో ఆ గడి ఖాళీగా ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

"పగ తీర్సుకోవద్దని అంటలేను" అన్నాడు చిన్నాయన. "తీర్సుకో. మన కోర్టుల పందొమ్మిది ఏసిపోయిండంటె నాకు గూడ మండుతుంది. కని వాడు రెండు కాళ్ల మీద నిలబడి ఉన్నప్పుడు తీర్సుకో. కూసున్నోని మీద గెలిచినోడు నా అన్న కొడుకు అని నేను షిఫ్టుల చెప్పుకోలేను."

పగ తీర్చుకోవడానికి సామాను కావాలన్నాడు. నిన్నటి ఓటమిలో మన దగ్గర గట్టిగా ఉన్నదేంటో ఇంకో పేజీలో రాయమన్నాడు. నేను మూతి ముడుచుకునే రాశాను. బాగా పోరాడాం. ఒక్క పాయింటే తేడా. అదృష్టం కలిసిరాలేదు. ఆయన మూడింటినీ గబగబా తట్టేశాడు. "డొల్ల, డొల్ల, డొల్ల. గివి పరామర్శకు వచ్చిన సుట్టాలు చెప్పె మాటలు. గీటి కింద నిలబడ్డవంటె నెత్తి మీద పడ్తయి."

తప్పులను తట్టి చూడటం ఎవరికైనా తోస్తుంది. ఓదార్పును కూడా తట్టి చూడాలని నాకు ఆ రోజే తెలిసింది. పొద్దుగూకేదాకా కూర్చుని రాస్తే నాలుగు లైన్లు నిలబడ్డాయి. ఆటలో మూడో క్వార్టరంతా వాళ్లను వాళ్ల సగంలోనే అడ్డుకున్నాం, ఆ పది నిమిషాల్లో వాళ్లకు నాలుగే పాయింట్లు వచ్చాయి. మేమంతా బక్కోడు అని పిలిచే సన్నటి కుర్రాడు రెండో సగంలో రింగుకు తగిలి వచ్చిన బంతుల్లో ఆరింటిని అందుకున్నాడు. అసలు ఆ ఫ్రీ త్రోలు నాకు ఊరికే రాలేదు, వాళ్ల మధ్య నుంచి బంతి తీసుకుని దూసుకుపోయాను కాబట్టి వచ్చాయి. ఈ మూడోదాన్ని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేసింది, చిన్నాయన మాత్రం రెండుసార్లు తట్టి మరీ ఉంచాడు.

నాలుగోదే నిధి. ఏడో నంబరు ఎక్కడెక్కడ నుంచి వేశాడో ముందు రాత్రే కోర్టు బొమ్మ గీసి చుక్కలు పెట్టి ఉంచాను, కేవలం కోపంతో. తొమ్మిది చుక్కలు. చిన్నాయనకు ఆట పెద్దగా తెలియదు. బొమ్మను చేతిలో తిప్పి, "అన్నీ గిటే ఉన్నయేంది?" అన్నాడు. తొమ్మిదీ కుడివైపే. వాడు ఒక్కసారి కూడా ఎడమకు పోలేదు. ఒక రాత్రి, ఒక పగలు ఆ బొమ్మను పళ్లు కొరుకుతూ చూశానే తప్ప, అందులో ఉన్నది నాకు కనబడలేదు.

ఆ తర్వాత ఏడు వారాలు నేను ఏడో నంబరు కోసమే బతికాను. బక్కోడిని వెంటేసుకుని పొద్దున్నే కోర్టుకు పోయి, బడికి ముందు యాభై ఫ్రీ త్రోలు వేసేవాణ్ని. రెండో షిఫ్టు వారాల్లో చిన్నాయన కూడా మఫ్లరు చుట్టుకుని వచ్చి సిమెంటు మెట్టు మీద కూర్చునేవాడు. సరిగ్గా నేను బంతి వదిలే క్షణంలో "థాంక్స్ తమ్మీ" అని అరిచేవాడు. మొదట్లో చెవులు కాలిపోయి బంతి ఎటో పోయేది. మూడు వారాలకు ఆ మాట లారీ చప్పుడులో కలిసిపోయింది. సాయంత్రాలు బక్కోడిని ఏడో నంబరు అనుకుని ఎడమవైపుకే నెట్టడం సాధన చేసేవాణ్ని. వాడు విసిగిపోయి, "నేను ఏం పాపం చేసిన్రా" అని మొత్తుకునేవాడు.

రిటర్న్ మ్యాచ్ వాళ్ల కోర్టులో. ఏడో నంబరు కుడికి అడుగు వేసిన ప్రతిసారీ అక్కడ నేను నిలబడి ఉన్నాను. ఎడమకు పోయిన ప్రతిసారీ వాడి చేయి తడబడింది. సగం ఆటకు వాడు వేసింది నాలుగే పాయింట్లు. వాడి ముఖం మీద చిరాకు పేరుకోవడం చూస్తుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పుకోవడానికి ఇప్పటికీ వెనకాడను. ఆట చివర్లో నాకు మళ్లీ రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. మొదటిది పోయింది. రెండోది పడింది. ముప్పై నాలుగు, ముప్పై మూడు. ఈసారి పాయింటు మాది.

ఆఖరి క్షణాల్లో బంతి వాడి చేతికే వచ్చింది. ఎడమ మూలకు నెట్టాను. వాడు అక్కడి నుంచే ఎగిరాడు. వాడి పాదం ఎక్కడ దిగుతుందో నాకు తెలుసు. నా కుడి కాలు ఆ చోటి మీదే ఉంది, నోటుపుస్తకంలో బొమ్మ గీసినట్టే. మరెవల్ని ఓడగొడ్తవు అన్న మాట ఆ క్షణంలో నాకు గుర్తొచ్చిందని చెబితే అది తప్పుడు రిపోర్టు అవుతుంది. ఏమీ గుర్తు రాలేదు. వాడు నిలబడి ఓడిపోవాలి, ఓడిపోవడం నేను చూడాలి, అంతే. కాలు వెనక్కి తీసుకున్నాను. బంతి రింగు మీద గుండ్రంగా తిరిగి బయటికి పడింది. బక్కోడు దాన్ని కడుపుకు హత్తుకుని కింద కూర్చుండిపోయాడు.

ఏడు వారాలుగా దాచుకున్న పని ఒకటి మిగిలింది. ఏడో నంబరు బెంచీ మీద వంగి బూటు లేసులు విప్పుకుంటున్నాడు, తల నాకు సరిగ్గా అందేలా. దగ్గరికి పోయి రెండుసార్లు తట్టాను.

"థాంక్స్ అన్నా."

వాడు తల ఎత్తలేదు. లేసు లాగుతూనే అన్నాడు. "కాలు ఎనుకకు తీసినవు గదా, చూసిన. థాంక్స్ నేనే చెప్పాలె."

వాడు ఏం తిట్టినా తిప్పికొట్టడానికి నా దగ్గర మూడు జవాబులు తయారుగా ఉన్నాయి. దీనికి ఒక్కటీ పనికిరాలేదు. నా ప్రతీకారంలో సగం మళ్లీ వాడే లాక్కుపోయాడని తిరుగు బస్సులో నస్పూర్ దాకా ఉడుక్కుంటూనే వచ్చాను. ఇంట్లో చిన్నాయన స్కోరు అడిగి, పట్టె మీద తట్టి, "గట్టిది" అన్నాడు. పదిహేనో లైను నేనే కొట్టేసి చూపించాను.

ఇప్పుడు నేను ఒక ఫ్యాక్టరీలో కొలత పరికరాల ఇంజినీరుని. ఏదైనా చెడిపోయి మీటింగు పెట్టినప్పుడు, తప్పు ఎవరిదో ఒక జాబితా, మనం బాగానే చేశామని ఇంకో జాబితా వస్తాయి. నేను వింటూ బల్ల మీద రెండు వేళ్లతో తడుతుంటాను. నాకు ఓపిక తక్కువని పక్కవాళ్లు అనుకుంటారు. ఎవరైనా నన్ను దెబ్బ కొడితే ఇప్పటికీ నోటుపుస్తకం తీస్తాను, డొల్లగా మోగినవి కొట్టేస్తాను, మిగిలినవాటిని మాత్రం వదలను. ఆ పాత పుస్తకం కూడా నా దగ్గరే ఉంది. పదమూడో లైను అలాగే ఉంచాను. అప్పుడప్పుడు దాన్ని తట్టి చూస్తాను. ఇన్నేళ్ల తర్వాత కూడా అది గట్టిగానే మోగుతుంది.