తలుపులేసుకోండమ్మా, కారం ఆడిస్తున్నాను

మా అత్తయ్య పోయిందని తాడేపల్లిగూడెం నుంచి ఫోనొచ్చేసరికి నేను ఏలూరులో మా వంటింట్లో పోపు వేస్తున్నాను. ఫోను పట్టుకుని నిలబడిపోతే బాణలిలో ఎండుమిరపకాయలు మాడి ఇల్లంతా ఘాటెక్కింది. దగ్గూ ఏడుపూ కలిసే వచ్చాయి. అత్తయ్యే ఉంటే "ముందు కిటికీ తెరువు, పక్కవాళ్ళు ఏమనుకుంటారే" అనేది.

ఆవిడ మా నాన్నగారి చెల్లెలు. కొల్లేరు పక్క ఊళ్ళో చేపల చెరువులతో కళకళలాడిన సంసారం. కొల్లేట్లో చెరువులు ఉండకూడదని గవర్నమెంటువాళ్ళు గట్లు కొట్టేశాక మావయ్యగారు మాటా పలుకూ లేకుండా కుర్చీలో కూలబడ్డారు. గూడెంలో ఇరుకు సందులో ఒక ఇల్లు అద్దెకి తీసుకుని, కారం ఆడించి అమ్ముతానని లేచింది అత్తయ్యే. చేపల పులుసుకి ఆవిడ కారం పడితే ఆ రంగే వేరని కొల్లేరు ఊళ్ళవాళ్ళకి అప్పటికే తెలుసు. ఊరి మరలో ఆడిస్తే ఎవరి కాయలు ఎవరి సంచీలో పడుతున్నాయో తెలియడం లేదని, సొంత మెషీన్ కొందామని ఏలూరు వచ్చింది. నేను తోడు వెళ్ళాను.

షాపాయన రెండు మెషీన్లు చూపించాడు. చిన్నది ఇంటి కరెంటుతో నడుస్తుంది గానీ పిండికే పనికొస్తుంది. పెద్దది బరువైన ఇనుప మెషీన్, లోపల సుత్తులు గిర్రున తిరిగి కాయని దంచేస్తాయి, దానికి త్రీఫేజ్ కరెంటు కావాలి. అత్తయ్య చెంగు నడుముకి దోపి ఇంటి అల్లుణ్ణి ఎంచినట్టు ఎంచింది. వేడెక్కితే కారం నల్లబడదా, జల్లెడ మార్చుకోవచ్చా, సుత్తులు అరిగితే ఎక్కడ దొరుకుతాయి అంటూ షాపాయనకి చెమటలు పట్టించింది. చివరికి పెద్దదే కావాలంది.

ఆడించి చూడ్డానికి తొడిమలు తీసి ఎండబెట్టిన మిరపకాయలు ఇంటి నుంచి తెచ్చుకుంది కూడా. షాపాయన గుప్పెడు బియ్యం పోసి మీట నొక్కాడు. పిండి మెత్తగా పడింది. నేను మిరపకాయల సంచీ ముందుకు జరపబోతే ఆవిడ కాలితో దాన్ని కుర్చీ కిందకి నెట్టేసింది.

"ఊరుకోవే. షాపునిండా జనం. పరాయివాళ్ళ చోట ఘాటు రేపి అందర్నీ దగ్గించడం ఏం మర్యాద?" అని నా చెవిలో అంది.

ఆ మర్యాదకి నేను మురిసిపోయాను.

మెషీనుతో పాటు నేనూ గూడెం వెళ్ళాను. శుక్రవారం పొద్దున్న అత్తయ్య దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. హారతి ఇస్తుండగా పక్కింటావిడ గేటు దగ్గరికొచ్చింది. కాసేపు నిలబడి, కొబ్బరిముక్క కళ్ళకద్దుకుని, "శుభమండీ" అని వెళ్ళిపోయింది. మేం ముక్కులకి తడితువ్వాళ్ళు కట్టుకుని మీట నొక్కాం. కింద డబ్బాలో కారం కుంకుమలా పడుతోంది. అత్తయ్య మొహం వెలిగిపోయింది. గాలి పోవడానికి మెషీను మీద కట్టిన గుడ్డసంచీ మరీ పలుచనని, అందులోంచి సన్నటి దుమ్ము లేచి కిటికీలోంచి సందులోకి పోతోందని మాకు తెలియలేదు. మోటారు చప్పుడులో బయట దగ్గులూ వినపడలేదు. షాపులో ఒక్క గుప్పెడు కాయలు పోసి చూసి ఉంటే ఆ సంగతి అక్కడే బయటపడేది.

మీట ఆపి బయటికొస్తే పక్కింటి వరండాలో పట్టుపంచె కట్టుకున్న పెద్దాయనెవరో స్తంభం పట్టుకుని దగ్గుతున్నారు. పక్కనే ఒక కుర్రాడు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పక్కింటమ్మాయి కొత్తచీరలో గుమ్మం దగ్గర నిలబడి ఉంది, కాటుక చెంపల మీదికి కారిపోయింది. ఆ రోజు ఆ పిల్లకి పెళ్ళిచూపులు. కుదిరేదాకా పైకి చెప్పుకోరు కదా, మాకు తెలియదు. వచ్చినవాళ్ళు స్వీట్లు ముట్టకుండా కారెక్కేశారు. మళ్ళీ వాళ్ళ దగ్గర్నుంచి కబురు రాలేదు.

మోచేతుల దాకా ఎర్రటి కారంతో అత్తయ్య వాళ్ళ గుమ్మంలో చేతులు జోడించి నిలబడింది. "పర్లేదండీ, కావాలని చేశారా ఏంటి" అంది పక్కింటావిడ. సందులో ఏ గుమ్మం ఎక్కినా అదే మాట. పర్లేదండీ. పర్లేదండీ. "ఒక్కరైనా నాలుగు తిడితే బావుణ్ణే, తిండి సయించేది" అంటుండేది తర్వాత.

ఆ కిటికీ ఇటుకలతో మూయించింది. దళసరి గుడ్డతో సంచీ కుట్టించింది. ఇక రవ్వంత దుమ్ము కూడా బయటికి రాదు. అయినా మెషీన్ వేసే ప్రతిసారీ ముందు సందంతా తిరిగేది. "తలుపులేసుకోండమ్మా, కారం ఆడిస్తున్నాను." ఘాటు రాదని తెలిసినా వాళ్ళూ మర్యాదకి తలుపులేసుకునేవాళ్ళు. పక్కింటి దగ్గర మాత్రం నోరు పెగిలేది కాదు. గేటు తట్టి, తల దించుకుని నిలబడి, వచ్చేసేది. ఏటా కొత్త ఆవకాయ ముందు వాళ్ళింటికే పంపేది. ఆ పిల్లకి తర్వాత మంచి సంబంధమే కుదిరింది. పెళ్ళికెళ్ళి వెనక కుర్చీలో కూర్చుని, అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండా వచ్చేసింది.

నేను గూడెం చేరేసరికి అత్తయ్యని వసారాలో పడుకోబెట్టారు. గోళ్ళ సందుల్లో ఎరుపు ఇంకా పోలేదు. పక్కింటావిడ నన్ను మెషీన్ గదిలోకి తీసుకెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు పొద్దున్న నేనెందుకొచ్చానో తెలుసామ్మా? పెళ్ళివారు వస్తున్నారు, సాయంత్రం దాకా ఆగండని అడుగుదామని. హారతి ఇస్తున్నారు. మంచి పని మొదలెడుతుంటే వద్దని ఎలా అంటాం? నోరు రాలేదు. ఆవిడ గేటు దగ్గర తల దించుకు నిలబడినప్పుడల్లా నాకే తల కొట్టేసినట్టుండేది. తప్పు నాదండీ అని చెప్పేద్దామనుకుంటూనే ఉన్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మనిషి ఇన్నాళ్ళూ తల ఎత్తుకుని తిరిగేది కదా అని అరుద్దామనుకున్నాను. అత్తయ్య తరఫున తిట్టడానికి ఇంక నేను తప్ప ఎవరున్నారు? నోరు తెరిచాను.

"పర్లేదులెండి" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. ఇది రాస్తున్న ఇప్పటికీ ఆ సిగ్గు పోలేదు.

మా వైపు శవం వెళ్తుంటే వీధివాళ్ళు తలుపులేసుకుంటారు. అత్తయ్యని మోసుకెళ్తుంటే నేను గేటు దగ్గరే నిలబడి చూశాను. పాడె ముందుకు సాగేకొద్దీ సందులో ఒక్కో తలుపూ మూసుకుంది, ఆవిడ వెళ్ళి చెప్పినప్పుడు మూసుకున్నట్టే. పక్కింటావిడ మాత్రం తలుపు వేయలేదు. రెండు రెక్కలూ బార్లా తెరిచి, గడప మీద తల దించుకుని నిలబడింది.