గడప దాటాక కళ్ళు

గవర్నరుపేటలో రబ్బరు స్టాంపులు కోసే అలీగారిని ఎరగని గుమాస్తా ఆ రోజుల్లో బెజవాడలో లేడు. అక్షరాలు తిరగేసి చెక్కడంలో ఆయనకు ఆయనే సాటి. తొంభైల చివర కంప్యూటరు స్టాంపులు వచ్చి ఆ పని సగానికి సగం పోయింది. పని తగ్గినా చెయ్యి ఊరుకోదు కదా!

అప్పుడే బావమరిది తౌసిఫ్ హైదరాబాదు నుంచి ఓ సంచీ తెచ్చాడు. అతను గోల్ఫు మైదానంలో గడ్డి కోస్తాడు. కాలవల్లో పడి పాతబడిన బంతుల్ని పిల్లలు ఆడుకుంటారని పట్టుకొచ్చాడు. అలీ ఒక బంతి తీసి, పైనున్న తెల్ల పెంకును ఒక పక్క కోసి చూశాడు. లోపల రబ్బరు, స్టాంపుల రబ్బరుకంటే కాస్త మొండిది. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికింది! ఒక్కో బంతి లోపల ఒక్కో రంగు, కోస్తేగాని తెలియదు. వారం తిరిగేసరికి, పెంకు కోసిన ఆ కిటికీలోంచి వీధి చివర బడ్డీకొట్టు వెంకటప్పయ్య మొహం తొంగిచూసింది, మీసాలతో సహా.

అలీ భార్య ఆమినాబీ అది చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడకు కోపమొస్తే ముందు గిన్నెలు మాట్లాడతాయి.

"నమాజు చదువుకునే ఇల్లండీ ఇది. కళ్ళున్న మొహాలు ఇక్కడ పెడితే నేనొప్పుకోను," అంది చివరికి.

"కళ్ళు లేకపోతేనో?"

ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది. "లేకపోతే అది బంతే."

ఆనాటి నుంచి అదే ఒప్పందం. ముక్కు, మూతి, చెవులు ఇంట్లో. కళ్ళు మాత్రం గడప దాటాక. ఎవరికిస్తున్నాడో వాళ్ళ వరండాలో కూర్చుని, వాళ్ళనే చూస్తూ రెండు నిమిషాల్లో కోసి చేతిలో పెట్టేవాడు. చూడ్డానికి వీధంతా మూగేది.

"మా దేవుళ్ళకీ కళ్ళు ఆఖర్నేనండీ," అని ఎదురింటి రామకోటేశ్వరరావు మురిసిపోయేవాడు.

ఆయన కూతురు సుస్మితకు అప్పుడు పన్నెండేళ్ళు. "అందరికీ ఇస్తావు, నాదేది బాబాయ్?" అని రోజూ నిలదీసేది.

"నీ మొహం ఇంకా తయారవుతోందిగా! ఉద్యోగం వచ్చిన్నాడు ఇస్తాలే."

పిల్ల మాట మరిచిపోలేదు, ఆయనా మరిచిపోలేదు. పదేళ్ళ తర్వాత సుస్మిత టీచరు పరీక్ష రాసిన రోజునే, గంధం రంగు తేలిన బంతిని వెతికి ముఖం చెక్కి పెట్టుకున్నాడు. కళ్ళే మిగిలాయి.

ఫలితాలు రాకముందే అలీకి పక్షవాతం వచ్చింది. కాలు కోలుకుంది గాని, కుడి చెయ్యి వణుకు మానలేదు. సుస్మితకు చల్లపల్లి దగ్గర బళ్ళో ఉద్యోగం వచ్చింది. ప్రయాణమయ్యే రోజు పొద్దున్నే చెప్పిపోవడానికొచ్చింది. అలీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క అక్షరం తప్పు కొయ్యని చెయ్యి, పిల్లకిచ్చిన మాట దగ్గర మొండికేసింది. ఆయనకు ఏడుపొచ్చింది.

"అలాగే ఇచ్చెయ్ బాబాయ్, కళ్ళు లేకపోతే ఏం?"

"చెయ్యి జారితే మొత్తం పాడవుతుందమ్మా. ఇంక నావల్ల కాదు."

ఆమినాబీ వంటింట్లోంచి వచ్చింది. పదేళ్ళలో ఏ బంతినీ, కత్తినీ ఒక్కసారి ముట్టుకోని ఆవిడ, ఆ గంధం రంగు బంతిని, కత్తిని అలమరలోంచి తీసి కొంగులో వేసుకుంది.

"లేవండి."

"ఎక్కడికి?"

"గడప అవతలికి."

భుజం పట్టుకుని మెల్లగా వీధి దాటించి, ఎదురింటి వరండాలో కూర్చోబెట్టింది. సుస్మిత ఎదురుగా కూర్చుంది. అలీ కత్తి ఎత్తాడు. మొన గజగజలాడింది. ఆమినాబీ పక్కన చతికిలబడి, ఆయన మణికట్టును రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"ఊఁ, కానివ్వండి."

వణుకు ఆగింది. ఒక కన్ను పడింది. ఊపిరి పీల్చుకుని రెండోది కోశాడు. అది రవ్వంత పెద్దదైంది.

సుస్మిత బంతిని అందుకుని చూసుకుంది. "నేనే బాబాయ్!" అని నవ్వబోయి ఏడ్చేసింది.

అలీ పొంగిపోయి భార్యవైపు తిరిగాడు. ఆవిడ రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని ఉంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"దాన్ని వాళ్ళింట్లోకి తీసుకెళ్ళమనండి, కళ్ళు తెరుస్తాను," అంది. మణికట్టు మాత్రం ఇంకా వదల్లేదు.