‘సమస్య తీరింది’ అని రాసినందుకు

రెండు వేల పదో దశకం మొదట్లో నన్ను బస్తర్‌లోని కిరందుల్ ఇనుప ఖనిజం గనిలోని కంప్యూటర్ విభాగానికి సీనియర్ మేనేజరుగా వేశారు. అంతకు ముందు పక్క గని బచేలీలో అదే పని, ఒక మెట్టు కింది హోదాలో. మాది కొంటా. బయటి నుంచి వచ్చే అధికారులకు బస్తర్ పోస్టింగు శిక్షలా తోచేది గాని, నాకు అది ఇంటికి దగ్గర. నా పైన డీజీఎం హోదాలో రాయ్‌పూర్ నుంచి వచ్చిన విభాగాధిపతి, కింద నలుగురు టెక్నీషియన్లు. అంతే మా విభాగం.

ఆ నలుగురిలో ఎస్తేరు ఒకరు. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి వచ్చి కిరందుల్ రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. తండ్రి ఈ లైను మీదే పట్టాలు చూసుకునే కీమాన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆమె ఇక్కడే పుట్టింది. ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, బడిలో హిందీ, బజారులో హల్బీ. జగదల్‌పూర్‌లో డిప్లొమా చదివి చేరి, చాలా ఏళ్ళుగా ఒకే గ్రేడులో ఉండిపోయింది. ఆ ఏడు జూనియర్ ఆఫీసర్ ఎంపికకు ఆమె పేరు వెళ్ళింది. టెక్నీషియన్లు ఆఫీసర్లు కావడానికి మా సంస్థలో వయసు హద్దు ఉండేది. ఆమెకు అదే చివరి అవకాశం. ఆ సంగతి విభాగంలో అందరికీ తెలుసు, డీజీఎం గారితో సహా.

అప్పట్లో బయటి ప్రపంచంతో మాకున్న లింకు ఒక ఉపగ్రహ డిష్షు. వాన పడితే పోయేది, పడకపోతే నత్తలా నడిచేది. మేం వాడే సర్వర్ల మీద చర్చలన్నీ మెయిలింగ్ లిస్టుల్లో జరిగేవి. లిస్టు అంటే ఒక చిరునామాకు రాస్తే సభ్యులందరికీ చేరే ఏర్పాటు. సభ్యత్వం తీసుకుంటే రోజూ వందల ఉత్తరాలు వచ్చి మీద పడతాయి. మా ఆఫీసు మెయిల్‌బాక్సు ఎంతో చిన్నది. అది నిండిపోయి హెడ్డాఫీసు సర్క్యులర్లు తిరిగి పోతే సంజాయిషీ అడిగేవారు.

దానికి మందు న్యూస్‌గ్రూప్ సర్వర్. విదేశంలో ఎవరో పుణ్యాత్ములు నడిపే ఒక సర్వర్ ఈ లిస్టుల ఉత్తరాలన్నిటినీ న్యూస్‌గ్రూపులుగా సర్ది ఉంచేది. న్యూస్‌రీడర్ అనే చిన్న ప్రోగ్రాంతో అందులోకి వెళితే ముందు శీర్షికలు మాత్రమే దిగుతాయి. ఏ ప్రశ్న కింద ఎవరి జవాబు ఉందో వరసగా కనిపిస్తుంది. కావలసినదాని మీద నొక్కితే అదొక్కటే వస్తుంది. పత్రిక ఇంటికి వేయించుకోకుండా లైబ్రరీకి వెళ్ళి చదువుకున్నట్టు. పొద్దున్న లింకు బాగున్నప్పుడు శీర్షికలు దించుకుని, టీ తాగుతూ ఏవి చదవాలో ఎంచుకోవడం మా విభాగానికి అలవాటైంది.

అక్కడి నుంచే లిస్టుకు రాయవచ్చు కూడా. కాకపోతే మొదటిసారి రాసినప్పుడు సర్వర్ మన చిరునామాకు ఒక మెయిల్ పంపి, రాసింది మనమేనని ఒప్పుకోమంటుంది. ఒప్పుకున్నాకే లిస్టుకు చేరవేస్తుంది. బయటి మెయిల్ సైట్లన్నీ మాకు మూసేసి ఉండేవి కాబట్టి ఆఫీసు చిరునామాయే గతి.

మా గనిలో ఖనిజం నింపిన వ్యాగన్లు మెల్లగా కదులుతుండగానే తూచే వేబ్రిడ్జి ఉండేది. ఉన్నట్టుండి దాని సర్వర్ రేకు మధ్యలో బిగుసుకుపోవడం మొదలైంది. రేకు అంటే ఒక గూడ్సు బండి వ్యాగన్ల వరస మొత్తం. సగంలో సర్వర్ ఆగితే బండిని వెనక్కి నెట్టి మళ్ళీ మొదటి నుంచి తూచాలి. రైల్వే వాళ్ళు తిట్టేవారు, లోడింగ్ వాళ్ళు తిట్టేవారు. యంత్రం సరఫరా చేసిన కంపెనీకి ఫోను చేస్తే రీస్టార్ట్ చేయమనేవారు. ఆ ఒక్క మాట చెప్పడానికి వాళ్ళకు సర్వీసు కాంట్రాక్టు.

ఎస్తేరు సర్వర్ రాసుకునే లాగ్ చదివి, తూకపు సంకేతాలను కంప్యూటరుకు అందించే కార్డు డ్రైవరు దగ్గర అనుమానపడింది. డ్రైవరు అంటే ఆ కార్డును నడిపే ప్రోగ్రాం. లిస్టులో ప్రశ్న పెట్టింది. మా యంత్రాల పేర్లు, నెట్‌వర్కు నంబర్లు మార్చింది, ఊరి పేరు తీసేసింది. డ్రైవరు ఫైలు పేరులో కంపెనీ పేరు ఉంది. అది తీసేస్తే ప్రశ్నకు అర్థమే లేదు కాబట్టి ఉంచింది. పంపే ముందు నేనూ చదివాను. అందులో దాచవలసింది ఏదీ మిగల్లేదు. మర్నాడే ఎక్కడో చలిదేశంలో ఉండే ఒకాయన జవాబిచ్చాడు. కొత్త సర్వర్లలో ఆ డ్రైవరు మెమరీని తప్పుగా వాడుతోందని, సెట్టింగుల ఫైలులో ఒక వరుస మారిస్తే సరిపోతుందని. ఎస్తేరు మార్చింది. సర్వర్ మళ్ళీ ఆగలేదు.

లిస్టుల్లో ఒక మర్యాద ఉంది. సమస్య తీరాక మౌనంగా తప్పుకోకూడదు. ఎలా తీరిందో అదే వరసలో రాయాలి, మన తరవాత వచ్చేవాడు అక్కడ వెతుక్కుంటాడు కాబట్టి. ఎస్తేరు ఆ మర్యాద పాటించింది. ‘సమస్య తీరింది’ అని శీర్షిక పెట్టి, లోపం ఫలానా డ్రైవరులో ఉందని, ఫలానా వరుస మార్చామని నాలుగు వాక్యాలు రాసింది.

కొంప మునిగింది అక్కడే. అదే యంత్రం కొన్న ఇంకెవరో ఆ నాలుగు వాక్యాలు పట్టుకుని కంపెనీని నిలదీశారు. ప్రశ్న అయితే అనుమానం, తోసిపుచ్చవచ్చు. ఇది తీర్పులా ఉంది. ఉత్పత్తి లోపాలను మూడో వ్యక్తికి చెప్పరాదని కాంట్రాక్టులో షరతు ఉందంటూ కంపెనీ మా హెడ్డాఫీసుకు ఫిర్యాదు చేసింది. వెంటనే తీయించి నివేదిక పంపమని హెడ్డాఫీసు డీజీఎంను ఆదేశించింది.

ఆయన మా గదికి వచ్చి ఎస్తేరు వెనక నిలబడ్డారు. న్యూస్‌రీడర్లో క్యాన్సిల్ అనే మీట ఉంటుంది, అది నొక్కమన్నారు. నొక్కింది. ఆమె తెర మీంచి ఆ జవాబు మాయమైంది. నేను అప్పుడే చెప్పాను: ఇది మన తెర మీద మాత్రమే పోయింది, రద్దు కోరికను ఆ సర్వర్ పట్టించుకోదు, పట్టించుకున్నా లిస్టు సభ్యులందరి దగ్గరా నకళ్ళు చేరిపోయాయి, వాటిని ఎవరూ వెనక్కి తేలేరు అని. ఎస్తేరు కూడా అదే చెప్పింది. ఆయన తెర వైపు చూసి, “దిఖ్ నహీ రహా న, బస్,” అన్నారు. కనపడటం లేదుగా, చాలు అని. వెళ్ళి, తొలగించామని హెడ్డాఫీసుకు సంతకం పెట్టి రాశారు.

కంపెనీ వాళ్ళు మర్నాడు లిస్టు ఉత్తరాలు దాచే వేరే సైటు నుంచి అదే జవాబు తీసి హెడ్డాఫీసుకు పంపారు. రాసి ఇచ్చినది అబద్ధమని తేలేసరికి డీజీఎం గారు కంగారు పడ్డారు. ఆ కంగారులో ఆయన చేసిన పని మా వృత్తిలో ఎవరూ చేయరు. లిస్టుకే ఒక హెచ్చరిక రాశారు. ఈ సమాచారం మా సంస్థ రహస్యం, సభ్యులందరూ తక్షణం తుడిచేయాలి, లేకుంటే చట్టపరమైన చర్య అని. ఎస్తేరు పేరుతో, ఎస్తేరు చేతే పంపించారు. వద్దని నేను రెండుసార్లు అన్నాను. ఆమె నా వైపు చూసింది. పైఅధికారి ఆదేశం, మాకిద్దరికీ వేరే దారి లేదు.

అంతవరకు ఆ నాలుగు వాక్యాలను పట్టించుకున్నవాళ్ళు బహుశా పది మంది. ఈ హెచ్చరికతో లిస్టంతా నిద్ర లేచింది. రహస్యం ఏమిటా అని వెతికి, పాత జవాబు మొత్తం కింద అతికించి, ఒకరి తరవాత ఒకరు నవ్వారు. ప్రతి నవ్వుతోనూ డ్రైవరు పేరు, ఎస్తేరు పేరు, మా సంస్థ చిరునామా మళ్ళీ ఒకసారి ప్రపంచమంతా తిరిగాయి. ఆ వారం పొద్దున్న శీర్షికలు దించుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఎస్తేరు మాత్రం అన్నీ చదివింది.

“నాను ఏటి తప్పు రాసాను సార్? ఉన్నదే కదా రాసాను,” అని అడిగింది.

“నువ్వు తప్పు రాయలేదమ్మా. విచారణలో నేను చెప్తా గదా, ఏందో అంతా,” అన్నాను.

ఎస్తేరుకు ఇచ్చిన చార్జిషీటులో రెండు ఆరోపణలు. సంస్థ సమాచారం బయటపెట్టడం ఒకటి. తొలగించానని చెప్పి పైఅధికారిని తప్పుదారి పట్టించడం రెండు. ఆ రెండోది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. విచారణాధికారి వేరే ప్రాజెక్టు నుంచి వచ్చాడు. నన్ను సాక్షిగా పిలిచి, ఆ జవాబు పంపింది ఈమేనా అని అడిగాడు. అవునని చెప్పి, ఆ రోజు మా గదిలో ఎవరు ఏమన్నారో చెప్పబోయాను. అడిగినదానికి మాత్రమే చెప్పండి అన్నాడు. నేను లిఖితపూర్వకంగా ఇచ్చినది జత చేసుకున్నాడు. తీర్పులో దాని ప్రస్తావన లేదు.

శిక్ష చిన్నదే, సెన్షూర్. అంటే సర్వీసు రికార్డులో ఒక మందలింపు. ఉద్యోగం పోలేదు, జీతం తగ్గలేదు. కానీ మందలింపు ఉన్నవాళ్ళ పేర్లు ఆ ఏటి ఎంపికకు పనికిరావు. ఆమెకు మరుసటి ఏడు లేదు. స్టోర్సుకు బదిలీ చేశారు. కొన్నాళ్ళకు కంపెనీ ఇంజనీరు వచ్చి, ఎస్తేరు మార్చిన వరుసనే ఒకసారి తీసి మళ్ళీ రాసి, లోపం తామే సరిచేశామని సర్వీసు రిపోర్టు పెట్టాడు. డీజీఎం గారు దాని మీద సంతృప్తి వ్యక్తం చేస్తూ సంతకం చేశారు. ఆ తరవాత జీఎం అయ్యి వెళ్ళిపోయారు.

నేను రిటైరయ్యే నెలలో స్టోర్సుకు వెళ్ళాను. అన్ని గనుల్లోనూ స్టోర్సు వాళ్ళను ఏడిపిస్తున్న లేబుల్ ప్రింటర్ ఒకటి ఆమె బల్ల పక్కన చక్కగా పని చేస్తోంది. ఎలా బాగుచేశావని అడిగితే చూపించింది. చిన్న కిటుకు. బచేలీ వాళ్ళకు చెప్పావా అన్నాను.

“ఎందుకు సార్? నా పని అయిపోనాది. ఆళ్ళ పని ఆళ్ళు సూసుకుంతారు,” అంది. కోపంగా అనలేదు. నాకు టీ తెప్పించింది.

ఈ ఉదంతం వల్ల నేను తెలుసుకున్నది ఇంతే. లోపాన్ని కనిపెట్టినవాళ్ళను సంస్థ ఓర్చుకుంటుంది, సరిచేసినవాళ్ళను వాడుకుంటుంది. అది లోపమని పేరు పెట్టి నలుగురికీ చెప్పినవాళ్ళను మాత్రం క్షమించదు. ఎస్తేరు బదిలీ తరవాత మా విభాగం నుంచి ఏ లిస్టుకూ ఎవరూ రాయలేదు. నేను కూడా రాయలేదు. సర్వర్లు ఆగినప్పుడల్లా కంపెనీకి ఫోను చేసి, వాళ్ళు చెప్పినట్టు రీస్టార్ట్ చేసేవాళ్ళం.